బీటా-గెలాక్టోసైడేజ్: కంటికి కనిపించని జన్యువుకు రంగు పూసిన ఎంజైమ్ (తరచుగా అడిగే ప్రశ్నలు)

బయోటెక్నాలజీ విద్యార్థులకు ప్రాక్టికల్స్ చెప్పేటప్పుడు నాకు మళ్లీ మళ్లీ ఎదురైన ప్రశ్నలివి. కొన్ని ల్యాబ్ బల్ల దగ్గర ప్లేటు చేత్తో పట్టుకుని అడిగినవి, కొన్ని విద్యార్థుల ఇళ్లలో పెద్దవాళ్లు అడిగి రమ్మన్నవి. పాఠ్యపుస్తకంలో ఈ ఎంజైమ్‌కు దక్కేది ఒకటి రెండు పేజీలే. జీవశాస్త్రంలో దానికున్న చోటు అంతకంటే చాలా పెద్దది. అందుకే కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి.

ఒక్క మాటలో చెప్పండి, ఈ ఎంజైమ్ చేసే పనేమిటి?

పాలలోని చక్కెరను రెండుగా విడగొట్టడం. ఆ చక్కెర పేరు ల్యాక్టోజ్. అందులో ఒక గెలాక్టోజ్, ఒక గ్లూకోజ్ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. బీటా-గెలాక్టోసైడేజ్ ఒక నీటి అణువు సాయంతో ఆ పట్టు విడదీస్తుంది.

ఇంతటితో ఆగితే ఇది జీర్ణక్రియ పాఠంలో ఒక వాక్యంగా మిగిలిపోయేది. దీని అసలు గుణం మరొకటి. గెలాక్టోజ్ విషయంలో ఇది చాలా పట్టింపు గల ఎంజైమ్. ఒకవైపు గెలాక్టోజే ఉండాలి, ఆ బంధం బీటా రకానిదే కావాలి. రెండోవైపు ఏముందన్నది మాత్రం అంతగా పట్టించుకోదు. గ్లూకోజ్ ఉన్నా కోస్తుంది, దాని స్థానంలో రసాయన శాస్త్రవేత్తలు ఒక రంగు పదార్థాన్ని తగిలించినా కోస్తుంది. కోసిన చోట రంగు బయటపడుతుంది. కింద మీరు చదవబోయే పరీక్షలన్నీ ఈ ఒక్క గుణం మీదే నిలబడ్డాయి.

పేరులో 'బీటా' ఎందుకు?

గెలాక్టోజ్ తన పక్కవాడితో రెండు దిశల్లో బంధం కట్టగలదు. ఒక దిశకు ఆల్ఫా అని, మరో దిశకు బీటా అని పేరు. ల్యాక్టోజ్‌లో ఉన్నది బీటా బంధం. పప్పుల్లో, చిక్కుడు జాతి గింజల్లో ఉండే రాఫినోజ్ లాంటి చక్కెరల్లో గెలాక్టోజ్ ఆల్ఫా బంధంతో ఉంటుంది. దాన్ని కోయడానికి ఆల్ఫా-గెలాక్టోసైడేజ్ అనే వేరే ఎంజైమ్ కావాలి, అది మన పేగుల్లో స్రవించదు. శనగలు ఎక్కువ తింటే పొట్ట ఉబ్బరించడానికి ఇదొక ముఖ్య కారణం.

ల్యాక్టేజ్, బీటా-గెలాక్టోసైడేజ్ ఒకటేనా?

పని దగ్గర ఒకటే, పుట్టుక దగ్గర వేరు. మన చిన్నపేగు లోపలి గోడ మీద ఉండి పాల చక్కెరను అరిగించేది ల్యాక్టేజ్. దాని జన్యువు 2వ క్రోమోజోమ్ మీద ఉంది. మన కణాల్లో చెత్త అరిగించే సంచులైన లైసోసోముల్లో ఇంకో బీటా-గెలాక్టోసైడేజ్ ఉంది. దాని జన్యువు జీఎల్‌బీ1, 3వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఇక పరిశోధకులు 'బీటా-గాల్' అని ముద్దుగా పిలిచేది మూడోదాన్ని: ఈ.కోలై బ్యాక్టీరియాలోని ల్యాక్-జెడ్ జన్యువు తయారుచేసేదాన్ని. ఈ మూడింటినీ కలిపేసుకోవడం వల్లే విద్యార్థులు సగం తికమక పడతారు. ఏ బీటా-గాల్ గురించి మాట్లాడుతున్నామో ముందు తేల్చుకోండి.

వేల ఎంజైములుండగా పరిశోధకులు దీన్నే ఎందుకు పట్టుకున్నారు?

దీనికి జవాబు పారిస్‌లో మొదలవుతుంది. జాక్ మోనో తన 1941 నాటి డాక్టరేట్ పరిశోధనలో బ్యాక్టీరియాకు రెండు రకాల చక్కెరలు కలిపి పెట్టి, అవి పెరిగే తీరు గమనించాడు. కొన్ని జంటల విషయంలో పెరుగుదల ఒక్క ఊపున సాగలేదు. గ్లూకోజ్ ఉన్నంతసేపూ జోరుగా పెరిగి, అది అయిపోగానే కాసేపు ఆగి, మళ్లీ రెండో చక్కెర మీద పెరగడం మొదలైంది. ఆ మధ్యలోని ఆగుడే ఆయన్ను పట్టుకుంది. ఆ విరామంలో బ్యాక్టీరియా ఏం చేస్తోంది?

రెండో చక్కెరను అరిగించే ఎంజైమ్‌ను తయారుచేసుకుంటోంది. ల్యాక్టోజ్ లేనప్పుడు ఈ.కోలై కణంలో బీటా-గెలాక్టోసైడేజ్ అణువులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. గ్లూకోజ్ లేకుండా ల్యాక్టోజ్ మాత్రమే అందినప్పుడు సుమారు వెయ్యి రెట్లు పెరుగుతాయి. అంటే జన్యువు ఎప్పుడూ ఉంది, దాని పని మాత్రం అవసరాన్ని బట్టి మొదలవుతోంది, ఆగుతోంది. జన్యువుకు స్విచ్ ఉందా? ఉంటే దాన్ని నొక్కేదెవరు? 1940లు, 50లలో జీవశాస్త్రానికి ఇంతకంటే పెద్ద ప్రశ్న లేదంటే అతిశయోక్తి కాదు.

ఈ ప్రశ్న మీద పని చేయాలంటే తేలిగ్గా కొలవగల ఎంజైమ్ కావాలి. గెలాక్టోజ్‌కు నైట్రోఫీనాల్ తగిలించిన ఓఎన్‌పీజీ అనే పదార్థం ఆ లోటు తీర్చింది. దానికి రంగు లేదు, ఎంజైమ్ కోయగానే పసుపు రంగు వస్తుంది. పసుపు ఎంత ముదిరిందో కొలిస్తే ఎంజైమ్ ఎంతుందో తెలిసిపోతుంది.

తర్వాత పాస్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాన్స్వా జాకబ్, మోనో, అమెరికా నుంచి వచ్చిన ఆర్థర్ పార్డీ కలిసి చేసిన ప్రయోగం నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. ముగ్గురి పేర్లలోని అక్షరాలతో దాన్ని పజామో ప్రయోగం అంటారు. ఈ.కోలైలో ఒక కణం నుంచి మరో కణానికి జన్యువులు దాటే సంయోగాన్ని వాళ్లు వాడుకున్నారు. ఎంజైమ్ జన్యువు, దాన్ని అదుపుచేసే జన్యువు రెండూ సరిగా ఉన్న కణాల నుంచి, ఆ రెండూ పాడైన కణాల్లోకి డీఎన్‌ఏను పంపించారు. ల్యాక్టోజ్ లాంటిదేమీ ఇవ్వలేదు. అయినా జన్యువు లోపలికి చేరిన కొద్ది నిమిషాల్లోనే ఎంజైమ్ తయారీ మొదలైంది. రమారమి గంటన్నర, రెండు గంటలు గడిచేసరికి తయారీ ఆగిపోయింది. అప్పుడు ప్రేరకాన్ని (తయారీని మొదలుపెట్టించే ల్యాక్టోజ్ లాంటి పదార్థాన్ని) ఇస్తే మళ్లీ మొదలైంది.

దీని అర్థం ఆలోచించండి. కొత్త కణంలో మొదట అడ్డుపెట్టేవాడు ఎవరూ లేడు, అందుకే జన్యువు వెంటనే పనిలోకి దిగింది. దానితోపాటు వచ్చిన రెండో జన్యువు నెమ్మదిగా ఒక అడ్డును తయారుచేసింది. ఆ అడ్డు కణమంతా తిరగగల పదార్థం. దానికే రిప్రెసర్ అని పేరు పెట్టారు. 1961లో జాకబ్, మోనో ఒపెరాన్ (ఒకే స్విచ్ కింద పనిచేసే జన్యువుల గుంపు) సిద్ధాంతాన్ని పూర్తి రూపంలో ప్రచురించారు. జన్యువు కబురును ప్రోటీన్ తయారయ్యే చోటికి మోసే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అనే భావన స్థిరపడటంలో కూడా ఈ ప్రయోగానికి భాగముంది: జన్యువు చేరిన నిమిషాల్లోనే ఎంజైమ్ పూర్తి వేగంతో తయారవుతోందంటే, మధ్యలో ఏదో త్వరగా పుట్టి త్వరగా పోయే కబురు ఉండాలి కదా. 1965లో వాళ్లిద్దరికీ ఆంద్రే ల్వోఫ్‌తో కలిపి నోబెల్ వచ్చింది. రిప్రెసర్ ఊహ మాత్రమే కాదని, అది ఒక ప్రోటీన్ అని 1966లో హార్వర్డ్‌లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్-హిల్ దాన్ని వేరుచేసి చూపించారు.

అయితే స్విచ్ నొక్కేది ల్యాక్టోజేనా?

సూటిగా కాదు. నొక్కేది అల్లోల్యాక్టోజ్. బీటా-గెలాక్టోసైడేజ్ ల్యాక్టోజ్‌ను కోసేటప్పుడు కొన్నిసార్లు ముక్కలను వదిలేయకుండా వేరే చోట అతికిస్తుంది. అలా వచ్చేదే అల్లోల్యాక్టోజ్. అది రిప్రెసర్‌కు తగులుకోగానే రిప్రెసర్ తాను అడ్డుగా పట్టుకున్న డీఎన్‌ఏను వదిలేస్తుంది. అంటే ఈ ఎంజైమ్ తన తయారీకి కావలసిన సంకేతాన్ని తానే పుట్టిస్తుంది. కణంలో ఎప్పుడూ కొన్ని అణువులు మిగిలి ఉండటానికి ప్రాముఖ్యం ఇక్కడ అర్థమవుతుంది. బొత్తిగా లేకపోతే ఆ మొదటి సంకేతమే పుట్టదు.

గ్లూకోజ్ కూడా ఉంటే మాత్రం జోరు తగ్గుతుంది. తేలిగ్గా అరిగేది చేతిలో ఉండగా బ్యాక్టీరియా ల్యాక్టోజ్ జోలికి పోదు.

ల్యాబ్‌లో మనం వాడే ఐపీటీజీ అనే రసాయనం అల్లోల్యాక్టోజ్ లాగే రిప్రెసర్‌ను లాగేస్తుంది, కానీ ఎంజైమ్ దాన్ని కోయలేదు. అందుకే ఒకసారి వేస్తే దాని మోతాదు తగ్గిపోకుండా ఉంటుంది.

ఎక్స్-గాల్ వేస్తే వచ్చే నీలం ఎక్కడిది?

అది నీలిమందుకు దగ్గరి చుట్టం. మాట వరసకు అనడం లేదు, రసాయనికంగానే చుట్టం. ఎక్స్-గాల్‌లో గెలాక్టోజ్‌కు తగిలించి ఉన్నది బ్రోమిన్, క్లోరిన్ చేర్చిన ఇండాక్సిల్. ఎంజైమ్ దాన్ని విడిపించగానే రెండేసి ఇండాక్సిల్ అణువులు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జతకడతాయి. ఆ జంటే నీలి వర్ణకం. పూర్వం నీలి మొక్కను తొట్టెల్లో నానబెట్టి, ఆ నీటిని బాగా చిలికేవారు. చిలకడం వల్ల గాలి తగిలి ఆకుపచ్చని నీరు నీలంగా మారేది. పెట్రి ప్లేటు మీద జరిగేది కూడా అదే మార్పు.

ఈ నీలం నీటిలో కరగదు. పుట్టిన చోటే అంటుకుని ఉంటుంది. ఓఎన్‌పీజీ పసుపు కరిగి నీరంతా పాకుతుంది కాబట్టి కొలవడానికి బాగుంటుంది. ఎక్స్-గాల్ నీలం కదలదు కాబట్టి ఏ కాలనీలో (ఒకే కణం నుంచి పెరిగిన బ్యాక్టీరియా గుంపులో), ఏ కణంలో ఎంజైమ్ ఉందో వేలు పెట్టి చూపిస్తుంది.

నీలం-తెలుపు కాలనీల పరీక్షను అర్థమయ్యేలా చెబుతారా?

మీ దగ్గర ఒక డీఎన్‌ఏ ముక్క ఉంది. దాన్ని పీయూసీ19 లాంటి ప్లాస్మిడ్‌లో (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయంలో) అతికించి బ్యాక్టీరియాలోకి పంపించారు. ముక్క అతుక్కున్న ప్లాస్మిడ్ ఏ కాలనీలో ఉందో, ఖాళీ ప్లాస్మిడ్ ఏ కాలనీలో ఉందో పైకి చూస్తే తెలియదు. ఇక్కడ ఈ ఎంజైమ్‌కున్న ఒక విచిత్ర స్వభావం అక్కరకొస్తుంది.

బీటా-గెలాక్టోసైడేజ్ నాలుగు ఒకేలాంటి గొలుసులు కలిస్తేనే పనిచేస్తుంది. ఒక్కో గొలుసులో 1023 అమైనో ఆమ్లాలు. గొలుసు మొదట్లో 11 నుంచి 41 వరకు ఉన్న కొద్ది భాగం తీసేస్తే నాలుగూ కలవలేక రెండేసి జంటల దగ్గరే ఆగిపోతాయి, పని పోతుంది. ఆ పోయిన భాగమున్న చిన్న ముక్కను విడిగా తయారుచేసి ఇస్తే, అది వచ్చి చేరి నాలుగింటినీ మళ్లీ కలుపుతుంది, పని తిరిగొస్తుంది. దీన్ని ఆల్ఫా-కాంప్లిమెంటేషన్ అంటారు. 1960లలో పాస్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆగ్నెస్ ఉల్‌మన్, జాకబ్, మోనో దీన్ని వెలికితీశారు.

ఆతిథేయ బ్యాక్టీరియాలో పెద్ద ముక్క ఉంటుంది, ప్లాస్మిడ్‌లో చిన్న ముక్క. ఖాళీ ప్లాస్మిడ్ లోపలికి వెళితే రెండూ కలిసి నీలం వస్తుంది. మీ డీఎన్‌ఏ సరిగ్గా ఆ చిన్న ముక్క జన్యువు మధ్యలో దూరితే అది చెడిపోయి కాలనీ తెల్లగా మిగులుతుంది. కాబట్టి మనకు కావలసింది తెల్లవి. జోకిమ్ మెస్సింగ్ 1970ల చివర్లో ఎం13 ఫేజ్‌లో (బ్యాక్టీరియాకు సోకే వైరస్‌లో) ఈ ఏర్పాటు చేశాడు, తర్వాత పీయూసీ ప్లాస్మిడ్లు వచ్చాయి. జన్యు క్లోనింగ్ (ఒక జన్యువుకు ఎన్నో నకళ్లు తీయడం) మామూలు కాలేజీ ల్యాబ్‌కు కూడా అందుబాటులోకి రావడానికి ఈ రెండు రంగులు చేసిన మేలు చాలా పెద్దది.

నా ప్లేటు మీద అన్నీ తెల్లవే వచ్చాయి. ప్రయోగం బ్రహ్మాండంగా వచ్చినట్టేనా?

ఆగండి. నేను పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో ఇలాగే ప్లేటు నిండా తెల్ల కాలనీలు చూసి పొంగిపోయాను. 24 కాలనీల నుంచి ప్లాస్మిడ్ తీసి చూస్తే ఒక్కదానిలోనూ నా ముక్క లేదు. నేను వాడిన బ్యాక్టీరియా స్ట్రెయిన్‌లో (రకంలో) రిప్రెసర్ మామూలు కంటే ఎక్కువగా తయారవుతుంది. అందులో ఐపీటీజీ వేయకపోతే ఖాళీ ప్లాస్మిడ్ ఉన్నా నీలం రాదు. ఆ పూట నేను ఐపీటీజీ వేయలేదు. పక్కన ఒక్క ఖాళీ ప్లాస్మిడ్ ప్లేటు కంట్రోల్‌గా (పోల్చి చూడటానికి) పెట్టుకుని ఉంటే, అదీ తెల్లగా వచ్చేది, తప్పు మర్నాటి ఉదయమే తెలిసేది. వారం రోజుల శ్రమ పోయింది. అప్పటి నుంచి కంట్రోల్ లేని ప్లేటును నేను చదవను, నా విద్యార్థులను చదవనివ్వను.

తెలుపు అంటే 'ముక్క ఉంది' అని కాదు, 'ఎంజైమ్ పనిచేయడం లేదు' అని మాత్రమే. పనిచేయకపోవడానికి వేరే కారణాలుండొచ్చు. ఎక్స్-గాల్ ద్రావణం వెలుతురు తగిలి పాడై ఉండొచ్చు. దాన్ని డీఎంఎఫ్‌లో గానీ డీఎంఎస్ఓలో గానీ (రెండూ ద్రావకాలే) కలిపి, సీసాకు రేకు చుట్టి ఫ్రీజర్‌లో పెట్టాలి. ప్లాస్మిడ్‌ను కత్తిరించినప్పుడు కొసలు కాస్త అరిగిపోయి, ఖాళీగానే తిరిగి అతుక్కున్నా రీడింగ్ ఫ్రేమ్ (డీఎన్‌ఏ అక్షరాలను మూడేసి చొప్పున చదివే వరస) తప్పి తెల్లగా రావచ్చు. పెద్ద కాలనీ చుట్టూ చిన్న చిన్న తెల్ల చుక్కలు కనిపిస్తే వాటిని అసలు ముట్టుకోకండి. పెద్ద కాలనీ చుట్టుపక్కల ప్లేటులో వేసిన ఆంపిసిలిన్ అనే యాంటీబయాటిక్‌ను హరించేయడం వల్ల ప్లాస్మిడ్ లేని కణాలు అక్కడ బతికి వచ్చాయన్నమాట.

అన్నీ నీలమే వస్తే అతికింపు జరగలేదని అనుమానించాలి. లేత నీలం విషయంలో మాత్రం తొందరపడి పారేయొద్దు. మీ ముక్క చిన్నదై, రీడింగ్ ఫ్రేమ్ చెడకుండా దూరితే ఎంజైమ్‌కు కొంత పని మిగులుతుంది. మంచి క్లోన్లు అలా చెత్తబుట్టలో పడిన సందర్భాలు చూశాను. రంగు తేలకపోతే ప్లేటును కొన్ని గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి, నీలం ముదిరి తేడా తెలుస్తుంది. చివరకు రంగు ఏది చెప్పినా, ప్లాస్మిడ్ తీసి కత్తిరించి జెల్ మీద (ముక్కలను సైజును బట్టి విడదీసే పొర మీద) చూడాలి, లేదా సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాలు చదివించడం) చేయించాలి.

మిల్లర్ యూనిట్లు అంటే భయమేస్తుంది. ఎలా లెక్కకట్టాలి?

భయపడాల్సింది లేదు. కణాల్లో ఈ ఎంజైమ్ ఎంత చురుగ్గా పనిచేస్తోందో చెప్పే కొలత ఇది. జెఫ్రీ మిల్లర్ 1972లో ఈ పద్ధతిని స్థిరపరిచాడు. కణాలకు కొంచెం క్లోరోఫామ్, ఎస్‌డీఎస్ అనే డిటర్జెంటు తగిలించి గోడలకు చిల్లులు పెడతాం. ఓఎన్‌పీజీ వేసి గడియారం చూస్తాం. పసుపు తిరగగానే సోడియం కార్బొనేట్ వేసి ఆపి, ఎన్ని నిమిషాలైందో రాసుకుంటాం. కార్బొనేట్ రెండు పనులు చేస్తుంది: పీహెచ్‌ను పెంచి ఎంజైమ్‌ను ఆపుతుంది, నైట్రోఫీనాల్ పసుపును నిండుగా బయటపెడుతుంది.

తర్వాత 420 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగ్ (ద్రావణం ఎంత కాంతిని ఆపిందో) తీయాలి. అందులో పసుపుతోపాటు కణాల తుక్కు వల్ల చెదిరిన వెలుతురు కూడా కలిసి ఉంటుంది. ఆ చెదురు ఎంతో తెలియడానికి 550 దగ్గర ఇంకో రీడింగ్ తీసి, దాన్ని 1.75తో గుణించి, మొదటిదాని నుంచి తీసేయాలి. వచ్చినదాన్ని 1000తో గుణించి, నిమిషాలు, కల్చర్ (బ్యాక్టీరియా పెంచిన ద్రవం) మిల్లీలీటర్లు, 600 దగ్గర కల్చర్ రీడింగ్ ఈ మూడింటి లబ్ధంతో భాగించాలి.

ఒక లెక్క చేద్దాం. 420 దగ్గర 0.600, 550 దగ్గర 0.020, సమయం 15 నిమిషాలు, కల్చర్ 0.1 మిల్లీలీటరు, 600 దగ్గర 0.5 అనుకోండి. 0.020ని 1.75తో గుణిస్తే 0.035. తీసేస్తే 0.565. కింద 15, 0.1, 0.5 గుణిస్తే 0.75. భాగించి వెయ్యితో గుణిస్తే దాదాపు 753 యూనిట్లు.

రికార్డుల్లో నాకు తరచూ కనిపించే తప్పు ఒకటుంది: పసుపు బాగా ముదిరేదాకా వదిలేయడం. అప్పటికి ఓఎన్‌పీజీ తరిగిపోయి వేగం పడిపోతుంది, లెక్క తక్కువ చూపిస్తుంది. లేత పసుపు దగ్గరే ఆపండి. వేర్వేరు గొట్టాలను వేర్వేరు సమయాల్లో ఆపినా ఏం కాదు, ఎవరి సమయం వాళ్లది రాసుకుంటే చాలు.

రిపోర్టర్ జన్యువు అంటే విలేకరి లాంటిదా?

సరిగ్గా ఆ అర్థమే. మీకు తెలుసుకోవాలని ఉన్న జన్యువు స్విచ్ తీసుకొచ్చి ల్యాక్-జెడ్ ముందు పెడతారు. ఇక ఆ స్విచ్ ఎక్కడ, ఎప్పుడు పడితే అక్కడ, అప్పుడు నీలం వస్తుంది. 1987లో కాహిర్ ఓకేన్, వాల్టర్ గేరింగ్ పండు ఈగ జన్యురాశిలో యాదృచ్ఛికంగా ల్యాక్-జెడ్‌ను దూర్చారు. అది పడిన చోటును బట్టి ఒక ఈగ పిండంలో నాడీ కణాలు నీలమయ్యాయి, మరోదానిలో ఇంకో అవయవం. ఏ కణజాలంలో ఏ జన్యు నియంత్రణ నడుస్తోందో పిండం ఒంటి మీదే చదువుకోగలిగారు. 1989లో స్టాన్లీ ఫీల్డ్స్, ఓక్-క్యూ సాంగ్ ఈస్ట్‌లో రెండు ప్రోటీన్లు చెలిమి చేస్తాయా లేదా చెప్పే టూ-హైబ్రిడ్ పద్ధతి కనిపెట్టినప్పుడు కూడా జవాబు చెప్పింది బీటా-గెలాక్టోసైడేజే. ఎలుకల్లో ఒక కణం సంతానం ఎక్కడెక్కడికి చేరిందో వెతకడానికి వాటి డీఎన్‌ఏలో రోసా26 అనే చోట ల్యాక్-జెడ్ పెట్టిన ఎలుకలు ఎంతో పనికొచ్చాయి.

ఇప్పుడు మెరిసే జీఎఫ్‌పీ ప్రోటీన్ ఉంది కదా. ఇంకా ఇదెందుకు?

జీఎఫ్‌పీకి ఒక గొప్ప సౌకర్యం ఉంది, బతికున్న కణంలోనే చూడొచ్చు. ఎక్స్-గాల్ మరకకు సాధారణంగా కణజాలాన్ని ముందే ఫిక్స్ చేయాలి, అంటే రసాయనంతో ఉన్నది ఉన్నట్టు బిగించేయాలి. కానీ ఒక జీఎఫ్‌పీ అణువు ఒక్క అణువంతే మెరుస్తుంది. ఒక ఎంజైమ్ అణువు వేలకొద్దీ సబ్‌స్ట్రేట్‌లను (తాను కోసే పదార్థపు అణువులను) కోస్తూనే పోతుంది, సంకేతం పేరుకుంటుంది. బలహీనమైన స్విచ్‌లను పట్టుకోవడానికి ఇది మేలు. పైగా నీలం చూడటానికి ఖరీదైన మైక్రోస్కోపు అక్కర్లేదు. మన కాలేజీల్లో ఈ మాటకున్న విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఆ పేరుకునే గుణం ఎంతదాకా పోతుందో బోరిస్ రాట్‌మన్ 1961లోనే చూపించాడు. ఎంజైమ్ ద్రావణాన్ని బాగా పలుచన చేసి, కంటికి ఆనని బిందువులుగా విడగొట్టాడు. ఒక్కో బిందువులో ఒక్క అణువు పడేంత పలుచన. కోస్తే మెరిసే సబ్‌స్ట్రేట్ వేసి గంటల తరబడి ఆగితే, ఒకే ఒక్క ఎంజైమ్ అణువు చేసిన పని కొలతకు అందింది. ఈనాటి డిజిటల్ పరీక్షల వెనకున్న ఆలోచన అప్పుడే ఉంది.

దీని రూపం ఎవరైనా చూశారా?

చూశారు. 1994లో బ్రయన్ మాథ్యూస్ బృందం స్ఫటికం మీద ఎక్స్-కిరణాలు పంపి నిర్మాణాన్ని తేల్చింది. నాలుగు గొలుసులు, నాలుగు క్రియాస్థానాలు, మొత్తం బరువు సుమారు 465 కిలోడాల్టన్లు (అణువుల బరువుకు కొలమానం). 2015లో శ్రీరామ్ సుబ్రమణ్యం బృందం క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో 2.2 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చూపించింది. స్ఫటికం అవసరం లేకుండా అంత వివరం అందడం అప్పట్లో ఆ రంగంలో అందరినీ ఆశ్చర్యపరిచింది. మీ ప్రోటీన్ జెల్ మార్కర్‌లో 116 కిలోడాల్టన్ల గీత ఉంటే, చాలాసార్లు అది ఈ ఎంజైమ్ గొలుసే.

వృద్ధాప్య కణాలు కూడా నీలంగా మారతాయంటారు, నిజమేనా?

విభజన శాశ్వతంగా ఆపేసిన కణాలకు పీహెచ్ 6.0 దగ్గర ఎక్స్-గాల్ వేస్తే నీలం వస్తుందని 1995లో జుడిత్ కాంపిసి బృందం ప్రకటించింది. ఇది ల్యాక్-జెడ్ కాదు, మన లైసోసోముల ఎంజైమే. దానికి ఇష్టమైన పీహెచ్ 4 నుంచి 4.5. వయసు మీరిన కణాల్లో అది బాగా పోగుపడటం వల్ల, తనకు నచ్చని 6.0 దగ్గర కూడా కనిపించేంత పని చేస్తుంది.

ఇక్కడ రెండు హెచ్చరికలు. ఈ మరక వేసిన ప్లేటును కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్‌లో పెట్టకూడదు, పీహెచ్ పడిపోయి అన్ని కణాలూ నీలమవుతాయి. రెండోది, కణాలు మరీ కిక్కిరిసి పెరిగినా నీలం రావచ్చు. కాబట్టి ఈ ఒక్క మరక చూసి 'ఇవి వృద్ధాప్య కణాలు' అని రాయడం తగదు, తోడుగా ఇంకో రెండు గుర్తులైనా చూడాలి.

ఈ ఎంజైమ్ లోపిస్తే జబ్బు వస్తుందా?

లైసోసోముల్లోది లోపిస్తే వస్తుంది. జీఎల్‌బీ1 జన్యువు రెండు ప్రతులూ చెడితే జీఎం1 అనే కొవ్వు పదార్థం అరగక నాడీ కణాల్లో పేరుకుపోతుంది. ఆ జబ్బు జీఎం1 గాంగ్లియోసైడోసిస్. పసిపిల్లల్లో వచ్చే రకం చాలా తీవ్రమైనది. అదే జన్యువులో వేరే మార్పులు ప్రధానంగా ఎముకలను దెబ్బతీసే మోర్కియో-బీ జబ్బుకు దారితీస్తాయి.

తల్లీ తండ్రీ ఇద్దరూ ఒక్కో చెడిన ప్రతిని మోస్తూ, తాము ఆరోగ్యంగానే ఉంటారు. ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికాలు చేసుకునే కుటుంబాల్లో ఒకే పూర్వికుడి నుంచి అదే మార్పు ఇద్దరికీ వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. ఇంట్లో ఇలాంటి బిడ్డ పుట్టి ఉంటే, తర్వాతి కాన్పుకు ముందు జన్యు సలహా తప్పకుండా తీసుకోండి. తెల్ల రక్తకణాల్లో ఈ ఎంజైమ్ ఎంతుందో కొలిచే పరీక్ష ఉంది. ఇది తల్లి తిన్నదాని వల్లనో, చేసినదాని వల్లనో వచ్చేది కాదు. ఆ నింద మోస్తున్న తల్లులకు ఈ మాట చేరాలి.

పాలు తాగితే నాకు కడుపుబ్బరం. పెరుగు మాత్రం పడుతుంది. ఎందుకు?

పసితనం దాటాక పేగుల్లో ల్యాక్టేజ్ తగ్గిపోవడం మనుషుల్లో చాలామందికి సహజం. అది రోగం కాదు. కొన్ని జాతుల్లో ఒక జన్యు మార్పు వల్ల పెద్దయ్యాక కూడా నిలిచి ఉంటుంది. 2012లో హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న ఒక అధ్యయనం, యూరప్‌లో ఎక్కువగా కనిపించే ఆ మార్పే భారతదేశంలోనూ ఉందని, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వచ్చేకొద్దీ అది తగ్గుతుందని తేల్చింది. అంటే పంజాబులో కంటే మన వైపు పాలు అరగనివాళ్లు ఎక్కువ.

ఒక గ్లాసు పాలలో సుమారు 10 గ్రాముల ల్యాక్టోజ్ ఉంటుంది. తోడు వేసినప్పుడు బ్యాక్టీరియా అందులో కొంత తినేసి ల్యాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది, అందుకే పులుపు. యోగర్ట్ తయారుచేసే బ్యాక్టీరియాలో బీటా-గెలాక్టోసైడేజ్ కూడా ఉంటుంది, అది మన పేగులోకి వెళ్లాక మిగతా ల్యాక్టోజ్‌ను కోయడంలో సాయపడుతుంది. తోడులో ఉండగల ల్యాక్టోకాకస్ దారి కాస్త వేరు. అది ల్యాక్టోజ్‌ను లోపలికి తీసుకుంటూనే ఫాస్ఫేట్ తగిలించి, ఫాస్ఫో-బీటా-గెలాక్టోసైడేజ్ అనే మరో ఎంజైమ్‌తో కోస్తుంది.

తాగునీటి పరీక్షలో కూడా ఇదే ఎంజైమా?

అవును. మలంతో కలుషితమైందా అని అనుమానించడానికి వెతికే కోలిఫామ్ బ్యాక్టీరియాకు ఈ ఎంజైమ్ గుర్తు. నీటి నమూనాలో ఓఎన్‌పీజీ ఉన్న పొడి కలిపి ఒక రోజు వెచ్చగా ఉంచితే, కోలిఫామ్‌లుంటే పసుపు వస్తుంది. అదే పొడిలో ఉండే మరో సబ్‌స్ట్రేట్ వల్ల, ఈ.కోలై ఉంటే అతినీల కాంతి కింద సీసా మెరుస్తుంది. మోనో కాలంలో జన్యువు స్విచ్‌ను వెతికిన పసుపే ఇది.

ఇంటర్ పిల్లలతో చేయించదగ్గ ప్రయోగం ఏదైనా ఉందా?

ఉంది, దీనికి ల్యాబ్ కూడా అక్కర్లేదు. మందుల దుకాణంలో ల్యాక్టేజ్ చుక్కలో, మాత్రలో దొరుకుతాయి. మూత్రంలో గ్లూకోజ్ చూసే కాగితపు స్ట్రిప్పులు కూడా తెచ్చుకోండి. మామూలు పాలలో స్ట్రిప్పు ముంచితే గ్లూకోజ్ చూపించదు. చుక్కలు కలిపి, గోరువెచ్చగా అరగంట ఉంచి మళ్లీ ముంచితే రంగు మారుతుంది. ఇదే పనిని మరిగించి చల్లార్చిన ఎంజైమ్‌తో చేయించండి, రంగు మారదు. తర్వాత పాల బదులు పంచదార నీళ్లతో చేయించండి. అందులోనూ గ్లూకోజ్ బంధించి ఉంది, కానీ దాన్ని పట్టుకున్నది గెలాక్టోజ్ కాదు, ఫ్రక్టోజ్. స్ట్రిప్పు మారదు. ఎందుకు మారలేదో పిల్లలనే చెప్పమనండి, జవాబు వాళ్ల నోటి నుంచి వచ్చేదాకా మీరు చెప్పకండి.